ఒకే కంప్యూటరులో పలు వ్యవస్థలు: మొరాయించినపుడు చూడవలసిన విధము



నేడు మన పల్లెలలో పాఠశాలలందును, గ్రంథాలయములందును, పాలసంఘములందును కంప్యూటర్లు కలవు. ఐతే వానిలో పెక్కు పదిపదునైదేండ్ల నాటివి. పట్టణములోని కచేరీవారు క్రొత్తవానిని కొనుకొని విడిచినవి కొన్ని, పైదేశములందున్న పిల్లలు సెలవులకు వచ్చి మన యింట దించిపోయినవి కొన్ని. ఇట్టి ముసలి యంత్రములకు 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన ఒక చిక్కు వచ్చినది. విండోసు 10 అను వ్యవస్థకు ఉచితముగా మరమ్మతులు పంపెడి యేర్పాటును మైక్రోసాఫ్టువారు సామాన్యముగా ఆ తేదీతో ముగించిరి. దాని తరువాతిదగు విండోసు 11 పాతయంత్రములలో చాలవానిని అంగీకరింపదు. అందుచేత విండోసును ఒక మూల నుంచి, ప్రక్కన లినక్సును నిలుపుకొనువారు హెచ్చైనారు. కొందఱు ఒక లినక్సుతో తృప్తిపడక రెండు మూడు రకములు పెట్టుకొందురు. ఇందులో తప్పులేదు. ఐతే ఒకనాటి యుదయమున మీట నొక్కగా యంత్రము లేవదు. లేచినను ఒక వ్యవస్థయే కనబడును. లేదా నల్లని తెరమీద రెండు ఇంగ్లీషు ముక్కలు వ్రాసి ఊరకుండును. అపుడు ఇంటివారు "అంతయు పోయినది" అందురు. బాగుచేయువాడును ఆ మాటయే అని, "తుడిచి మఱల వేసెదను" అనును. ఆ తుడుచుటలో నిజముగా అంతయు పోవును.

కనబడకపోవుట వేఱు, లేకపోవుట వేఱు. తర్కము చదివిన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. కుండ కనబడలేదు గావున కుండ లేదు అని తేల్చవలెనన్న ముందు వెలుతురుండవలెను, కన్ను సరిగా నుండవలెను, ఆ కుండ ఉన్నయెడల కనబడదగినదై యుండవలెను. ఈ మూడింటిలో ఒకటి లోపించినను అది యోగ్యానుపలబ్ధి కానేరదు. చీకటికొట్టులో తడవి కుండ లేదనువానిని ఎవరు నమ్ముదురు? కంప్యూటరు విషయమునకు వచ్చుసరికి మాత్రము నూటికి తొంబదిమంది నమ్ముచున్నారు.

లినక్సు అనగా నేమో రెండు మాటలలో చెప్పి ముందునకు పోయెదను. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయమునందు విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్సు 1991వ సంవత్సరమున ఒక వ్యవస్థకు మూలభాగమును వ్రాసి లోకమునకు విడిచెను. ఆ భాగమును కెర్నెలు అందురు. గింజలోని పప్పు అని యర్థము. అంతకు ముందే 1983లో అమెరికాయందు రిచర్డు స్టాల్మను ఆరంభించిన గ్ను అను ప్రయత్నము వలన తక్కిన సామగ్రి చాలవఱకు సిద్ధమై యుండెను. రెండును కలిసి పనికివచ్చు వ్యవస్థయైనది. దానిని ఎవరైనను తీసికొనవచ్చును, మార్చుకొనవచ్చును, పంచిపెట్టవచ్చును. అందుచేత డెబియను, ఉబుంటు, మింటు మొదలగు శాఖలు బయలుదేరినవి. ఒక సూత్రగ్రంథమునకు పలు భాష్యములున్నట్లు అనుకొనుడు. మూలమొకటే, నడక వేఱు.

ఇక యంత్రము మేల్కొను క్రమమును కొంచెము నిదానముగా వినుడు. ఇది తెలియక చేసెడి చికిత్స, నాడి చూడక ఇచ్చిన మందువంటిది.

మీట నొక్కగానే మొదట లేచునది హార్డుడిస్కు కాదు. మదరుబోర్డు మీది చిన్న చిప్పులో బయోసు అను కార్యక్రమము కలదు. అది లేచి, ర్యాము ఎంత యున్నది, కీబోర్డు తగిలియున్నదా, డిస్కు లెన్ని యున్నవి అని లెక్క చూచుకొని, తనకు వ్రాసియిచ్చిన వరుసలో మొదటి డిస్కును పిలుచును. పిలిచి, దాని మొట్టమొదటి గడిని మాత్రము చదువును. ఆ గడిలో పట్టునవి 512 బైట్లు. ఒక బైటు అనగా ఒక ఇంగ్లీషు అక్షరము పట్టునంత చోటు. కావున ఆ గడి మొత్తము ఒక పోస్టుకార్డు వంటిది. ఆ కార్డులో మొదటి 446 బైట్లు తలుపు తెఱచువాని పని. తరువాతి 64 బైట్లు డిస్కులోని వాటాల పట్టిక. కడపటి 2 బైట్లు ముద్ర. పట్టికలో వాటా ఒక్కంటికి 16 బైట్ల చొప్పున నాలుగింటికే చోటున్నది. ఈ పాతపద్ధతి డిస్కులలో నాలుగు ముఖ్యవాటాలకు మించి యుండకపోవుటకు కారణ మిదియే. ఐదవది కావలెనన్న, నాలుగింటిలో ఒకదానిని విస్తరించిన వాటాగా చేసి దాని కడుపులో పిల్లవాటాలు పెట్టుదురు. పిల్లవాటాల సంఖ్య ఎల్లపుడును 5తో మొదలగును. ఇది జ్ఞాపకముంచుకొనుడు, కొంతసేపటికి దీనితో పని పడును.

446 బైట్లలో ఎంతటి పండితుడు వ్రాసినను మూడు వ్యవస్థల పేర్లు చూపి, ఏది కావలెనని యడుగు కార్యక్రమము పట్టదు. అందుచేత లినక్సువారు వాడెడి గ్రబ్ అను ద్వారపాలకుడు మూడు చోట్ల కాపురముండును. మొదటి ముక్క ఆ పోస్టుకార్డులో. రెండవ ముక్క పోస్టుకార్డునకును మొదటి వాటాకును నడుమనున్న ఖాళీస్థలములో. మూడవదియు పెద్దదియునగు ముక్క ఏదో యొక లినక్సు వాటాలో, బూట్ అను సంచిలోని గ్రబ్ అను సంచిలో. మొదటి ముక్క రెండవదానిని లేపును. రెండవది మూడవదానిని వెదకి పట్టుకొనును. మూడవది మనకు పట్టికను చూపును. మనము ఎంచుకొనిన వ్యవస్థ యొక్క కెర్నెలును అది లేపి తాను తప్పుకొనును. ఆ నడిమి ఖాళీస్థలము గూర్చి ఒకమాట. విండోసు ఎక్స్‌పీ కాలమున పంచిన డిస్కులలో మొదటి వాటా సాధారణముగా 63వ గడిలో మొదలగును. నడుమ మిగిలినది 62 గడులు, అనగా 31 కిలోబైట్లు. విస్టా నాటినుండి 2048వ గడిలో మొదలుపెట్టుచున్నారు. కావున పాత డిస్కులో క్రొత్త గ్రబ్బును ఎక్కింపబోగా చోటు చాలదని అది మొరపెట్టినయెడల ఆశ్చర్యపడవలదు. చిన్నకొట్టులో పెద్దమంచము వేయుట వంటిదది.

కాబట్టి రోగనిర్ణయమునకు ఒకే ప్రశ్న: ఎక్కడ నిలిచినది? బయోసు దగ్గఱనా, పోస్టుకార్డు దగ్గఱనా, రెండవ ముక్క దగ్గఱనా, పట్టిక దగ్గఱనా, పట్టిక దాటిన పిమ్మటనా? తెరమీద వ్రాసిన మాటలను అక్షరము విడువక కాగితముమీద ఎత్తి వ్రాసికొనుడు, లేదా చేతిఫోనుతో ఛాయాచిత్రము తీయుడు. "ఏదో ఇంగ్లీషున వచ్చినది" అని చెప్పినచో ఎంత నేర్పరియైనను చేయగలది లేదు.

బయోసు దగ్గఱనే నిలిచిన సంగతి ముందు చూతము. పాతయంత్రములలో దీనికి కారణము తఱచు రూపాయిబిళ్ళవంటి ఒక బ్యాటరీ. దానిమీద సీఆర్ 2032 అని యుండును, 3 వోల్టులది. కరెంటు లేనివేళ గడియారమును నడపి బయోసు యొక్క నియమములను కాపాడునది అదియే. అది నీరసించినపుడు తేదీ ఏండ్లు వెనుకకు పోవును, డిస్కుల వరుస తాఱుమాఱగును. అంతకంటె కపటమైనది మఱియొకటి కలదు. డిస్కుతో మాటలాడు రీతి ఐడీఈ అనియు ఏహెచ్‌సీఐ అనియు రెండు విధములు. బ్యాటరీ చచ్చి బయోసు తన పుట్టువు నియమములకు మఱలినపుడు ఈ రీతి మాఱవచ్చును. అపుడు లినక్సు ఏమియు పట్టించుకొనక లేచును. విండోసు మాత్రము నీలితెర చూపి పడిపోవును. చూచువారు లినక్సు పెట్టుటచేతనే విండోసు చెడినదందురు. ఇది కాకతాళీయము. కాకి వాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినవి, అంతే. బ్యాటరీ మార్చి, ఆ రీతిని మునుపటివలె పెట్టినచో విండోసు లేచును.

ఇక ఎక్కువమందిని ఏడిపించునది రెండవది: పట్టిక కనబడకుండ తిన్నగా విండోసు లేచుట. దీనికి నేనెఱిగిన యంత్రమునే చెప్పెదను. మా గ్రామ గ్రంథాలయములో 2009వ సంవత్సరమునాటి యంత్ర మొకటి కలదు. మొదటి వాటాలో విండోసు 7 ఉన్నది; పాలసంఘమువారి లెక్కలు వ్రాయు కార్యక్రమము దానిలోనే నడచును గావున దానిని తీసివేయ వీలులేదు. విండోసు 7కు మైక్రోసాఫ్టువారి సాయము 2020 జనవరి 14తో ముగిసినందున, అది నడచుచుండగా ఇంటర్నెట్టు తీగ తగిలింపరాదని నియమము పెట్టితిమి. ఐదవ వాటాలో మింటు; పిల్లలు దానిలో చదువుకొందురు. ఆఱవ వాటాలో డెబియను. దానిలో నేను తాళపత్రములు చూచి ఎక్కించిన ప్రతులును, వానికంటె విలువైనవి, మా యూరి ముసలమ్మలు పాడిన పెండ్లిపాటల, దంపుళ్ళపాటల రికార్డులును కలవు. పాడినవారిలో ఇద్దఱు ఇప్పుడు లేరు. ఏడవ వాటా స్వాప్ అనునది. దాని సంగతి తరువాత. రికార్డులకు రెండవ ప్రతి తీయుటకు వేఱొక డిస్కు కొనవలెనని గ్రంథాలయమువారు తీర్మానించిరి గాని సొమ్ము ఇంకను చేతికి రాలేదు.

అట్టిసమయమున విండోసు చెడగా యంత్రమును పట్టణములోని యొక దుకాణమునకు పంపిరి. అచ్చటివాడు మొదటి వాటాలో విండోసును మఱల నెక్కించి, "తక్కినచోటు అంతయు ఖాళీగా నున్నది, ఫార్మాటు చేసి విండోసుకు కలిపివేయుదునా?" అని కబురుపెట్టెను. గ్రంథాలయ కార్యదర్శి నన్నడిగి, వలదని చెప్పి యంత్రమును తెప్పించెను. దుకాణపువాడు అబద్ధమాడలేదు. వానికి కనబడినదే వాడు చెప్పెను. విండోసునకు తన లిపి మాత్రమే వచ్చును. లినక్సు తన వాటాలను ఎక్స్‌టీ 4 అను వేఱొక లిపిలో వ్రాసికొనును. ఆ వాటా విండోసు కంటికి పేరులేని గడ్డగా కనబడును. దానికొక అక్షరము తగిలించినయెడల, "దీనిని ఫార్మాటు చేసినగాని వాడలేరు" అని యడుగును. గ్రంథలిపి రానివాని చేతికి తాటాకుల కట్ట నిచ్చినచో, గీతలేగాని వ్రాత లేదనును. పొయ్యిలో పెట్టమని చెప్పినను చెప్పును. మన దేశమున ఎన్ని కట్టలు అట్లు పోయినవో!

జరిగినది ఇది: విండోసు తన్ను ఎక్కించునపుడు ఆ మొదటి 446 బైట్లలోని గ్రబ్ ముక్కను కొట్టివేసి తన ముక్కను వ్రాసికొనును. మరియొకరి నడుగు మర్యాద దానికి లేదు. కాని ప్రక్కనున్న 64 బైట్ల పట్టిక చెక్కుచెదరదు. వాటాలును వాని లోపలి సరకును అట్లే యుండును. వీథితలుపు మీది పలక మార్చినంతమాత్రమున లోపలి గదులు కూలునా?

దీనికి చికిత్సచేయుటకు ఒక లైవ్ పెన్‌డ్రైవు కావలెను; అనగా డిస్కును తాకకుండ తన్ను తానే నడపుకొను లినక్సు. దానిని వేఱొక మంచి యంత్రములో సిద్ధము చేసికొని, జబ్బుయంత్రమునకు తగిలించి, మీట నొక్కినవెంటనే ఎఫ్ 12 గాని, ఎఫ్ 2 గాని, డిలీట్ గాని, ఆ యంత్రపు రకమునుబట్టి నొక్కి, దానినుండి లేపవలెను. మఱీ పాతవి పెన్‌డ్రైవునుండి లేవవు. వానికి డీవీడీ వాడుడు. ఇంకొక జాగ్రత్త: ప్రాసెసరు 32 బిట్లదైనచో నేటి లినక్సులు పెక్కు దానికి దొరకవు. మింటులో ఉబుంటు మీద కట్టిన శాఖ 2019 డిసెంబరు నాటి 19.3తో దానిని విడిచినది. డెబియనువారును 2025 ఆగస్టులో వెలువడిన 13వ సంచికనుండి 32 బిట్ల పాతయంత్రములకు కెర్నెలును, ఎక్కించు కార్యక్రమమును ఇచ్చుట మానిరి. 12వ సంచిక గాని, యాంటిఎక్స్ వంటి శాఖ గాని చూచుకొనవలెను. మా గ్రంథాలయపు యంత్రము కోర్ 2 డుయో గావున 64 బిట్లదే. ఆ బాధ లేకపోయినది.

లైవ్ డెబియను లేచిన పిమ్మట మొదట చేసినది మరమ్మతు కాదు, చూపు. వాటాల వరుస చూపుమని ఎల్ఎస్‌బీఎల్‌కే అను ఆజ్ఞ నిచ్చితిమి. ఒకటి, ఐదు, ఆఱు, ఏడు, అన్నియు ఉన్నవి. ఆఱవదానిని చదువుటకు మాత్రమే, వ్రాయుటకు వీలులేకుండ తెఱచితిమి. మౌంట్ అను ఆజ్ఞకు హైఫన్ ఓ, ఆర్ఓ అని చేర్చిన అట్లు తెఱచుకొనును. పాటల సంచి ఉన్నది. గ్రంథాలయపు పిల్లవాడు ఒక పాట మీట నొక్కగా, చనిపోయిన ఆమె గొంతు గదిలో వినబడినది. కార్యదర్శి లేచి వెలుపలికి పోయెను. నేను ఆ పిల్లవానితో, ఇక ఏ పనికిని ముందు ఈ సంచికి ప్రతి తీయుమంటిని. నాయింటి డిస్కు తెచ్చి ప్రతి తీసినదాక మఱియొక మీట నొక్కనీయలేదు.

మీకును ఇదే క్రమము చెప్పెదను: ముందు ప్రతి, పిమ్మట చికిత్స. డిస్కు స్వయముగా రోగిష్ఠియేమో కూడ అపుడే చూడవలెను. స్మార్ట్‌సీటీఎల్ అను ఆజ్ఞ డిస్కు తన్నుగూర్చి వ్రాసికొనిన చిట్టాను చూపును. అందులో మార్చివేసిన గడుల లెక్కయు, చదువరాక వేచియున్న గడుల లెక్కయు ఉండును. రెండవ లెక్క సున్న కాక పెరుగుచున్నయెడల ఆ డిస్కుతో సాహసములు చేయక, ప్రతి తీసి క్రొత్తది కొనుడు. రోగిష్ఠిడిస్కు మీద మరమ్మతు చేయువాడు, ఎండిన తాటాకును మఱల మఱల విప్పి చూచువాడు, వీరిద్దఱును ఒక్కటే.

తరువాతి పని రెండు వరుసలు. ఆఱవ వాటాను ఈసారి వ్రాయుటకును వీలుగా స్లాష్ ఎంఎన్‌టీ అనుచోట తెఱచి, గ్రబ్-ఇన్‌స్టాల్ అను ఆజ్ఞకు రెండు సంగతులు చెప్పితిమి: నీ పెద్దముక్క స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ బూట్‌లో నున్నది, నీ చిన్నముక్కను స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ మీద వ్రాయుము అని. ఇచ్చట చాలమంది పొరబడుదురు. ఎస్‌డీఏ అనగా మొత్తము డిస్కు. దాని చివర 6 అను సంఖ్య తగిలించినచో అది ఆఱవ వాటా. ద్వారపాలకుడు నిలువవలసినది వీథితలుపు దగ్గఱ, ఆఱవ గదిలో కాదు. కావున సంఖ్య చేర్చరాదు. యంత్రమునకు రెండు డిస్కులున్నయెడల ఏది ఎస్‌డీఏ, ఏది ఎస్‌డీబీ అని పరిమాణమునుబట్టి ముందే నిశ్చయించుకొనుడు. పెన్‌డ్రైవు తగిలించియున్నపుడు ఈ పేర్లు మాఱుటయు కలదు. ఆ పిమ్మట పెన్‌డ్రైవు తీసి యంత్రమును లేపగా పట్టిక వచ్చినది. అంతయు కలిసి, ప్రతి తీయుటకైన కాలము పోగా, పావుగంట.

మూడవది, నల్లతెరమీద "గ్రబ్ రెస్క్యూ" అని కనబడి నిలుచుట. ఇది చూడ భయంకరముగాని వాస్తవమున శుభలక్షణమే. మొదటి రెండు ముక్కలును లేచినవి. మూడవదాని చిరునామా తప్పినది. పిల్లవాటాల సంఖ్య 5తో మొదలగునంటిని గదా. ఎవరో చోటు చాలదని ఐదవ వాటాను తీసివేసిరనుకొనుడు. ఆఱవది ఐదవదగును, ఏడవది ఆఱవదగును. ద్వారపాలకుడు పాతచిరునామా పట్టుకొని ఆఱవదానిలో వెదకును. అక్కడ ఏమున్నది? మనమే క్రొత్తచిరునామా చెప్పవలెను. ఎల్ఎస్ అని కొట్టినయెడల వాటాల పేర్లు చూపును. గ్రబ్ డిస్కులను సున్ననుండియు, వాటాలను ఒకటినుండియు లెక్కించును. కావున మొదటి డిస్కులోని ఐదవ వాటా హెచ్‌డీ సున్న, కామా, ఎంఎస్‌డాస్ ఐదు. ఒక్కొక్కదానిలో బూట్, గ్రబ్ అను సంచులున్నవేమో ఎల్ఎస్ తోనే చూచి, దొరికినపుడు సెట్ రూట్ అని ఆ వాటాను, సెట్ ప్రిఫిక్స్ అని ఆ సంచిని చెప్పి, ఇన్‌స్‌మాడ్ నార్మల్ అనియు, తరువాత నార్మల్ అనియు కొట్టవలెను. పట్టిక లేచును. కాని ఈ చెప్పుట ఆ పూటకే. లినక్సు లేచిన పిమ్మట గ్రబ్-ఇన్‌స్టాల్ మఱల చేసినగాని చిరునామా స్థిరపడదు.

నాలుగవది, పట్టిక వచ్చినది గాని అందులో ఒక వ్యవస్థ పేరు లేకుండుట. ఇది రోగము కాదు, నియమము. తక్కిన వాటాలను వెదకి పేర్లు చేర్చెడి ఓఎస్-ప్రోబర్ అను పరిచారకుని, భద్రతకొఱకు, 2021వ సంవత్సరమున వచ్చిన గ్రబ్ 2.06 నుండి పుట్టుకతోనే పడుకొనబెట్టిరి. స్లాష్ ఈటీసీ స్లాష్ డిఫాల్ట్ స్లాష్ గ్రబ్ అను చిట్టాలో, గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ అను పేరునకు ఫాల్స్ అని వ్రాసి, అప్‌డేట్-గ్రబ్ అను ఆజ్ఞ నిచ్చిన అది లేచి పని చేయును. ఆ పేరు పెద్దయక్షరములలో, నడుమ అడుగుగీతలతో వ్రాయవలెను.

దీనికి చుట్టమైన చిక్కు మఱియొకటి. పలు లినక్సులున్న యంత్రములో పట్టిక ఒక్క లినక్సు సొత్తు. సాధారణముగా కడపట ఎక్కించినది దానికి యజమాని. మా యంత్రములో డెబియను. మింటు తన కెర్నెలును మార్చుకొని పాతదానిని తీసివేసినపుడు ఆ సంగతి డెబియనుకు తెలియదు. పట్టికలో పాతపేరే యుండును. పిల్లవాడు మింటు నొక్కగా, ఫైలు లేదు, ముందు కెర్నెలును ఎక్కింపుము అను మాట వచ్చును. మింటులో ఎన్నిమాఱులు అప్‌డేట్-గ్రబ్ చేసినను ఫలము లేదు. అది తనయింటి పట్టికను దిద్దుకొనును, వీథితలుపు దగ్గఱి పట్టికను కాదు. డెబియనులోనికి పోయి చేసినచో ఒక్కమాటుతో సరిపోవును.

ఐదవది నాకు అన్నిటికంటె వింతగా తోచినది. యంత్రము లేచును గాని, మింటు మాత్రము మునుపు అరనిముసములో లేచునది, నడుమ నిలిచి నిలిచి రెండు నిముసములు తీసికొనును. యంత్రము ముసలిదైనదని అందఱును సరిపెట్టుకొందురు. ఆ నిలుచుటను గడియారము పెట్టి చూడుడు. సరిగా తొంబది సెకనులు. ముసలితనము ఇంత లెక్కగా నుండదు! కారణము స్వాప్ అను ఏడవ వాటా. ర్యాము చాలనపుడు సరకు దించుకొను కొట్టమది. రెండు లినక్సులును దానినే వాడుకొనవచ్చును, ఒకేసారి నడవవు గనుక. ప్రతి వాటాకును యూయూఐడీ అను పొడుగాటి గుఱుతుసంఖ్య యుండును. మింటు ఆ సంఖ్యను తన ఎఫ్‌స్టాబ్ అను చిట్టాలో వ్రాసికొనినది. తరువాత డెబియనును ఎక్కించునపుడు అది కొట్టమును కడిగి క్రొత్తసంఖ్య వేసినది. మింటు పాతసంఖ్యగల కొట్టముకొఱకు తొంబది సెకనులు గుమ్మములో నిలిచి, రాదని తేల్చుకొని ముందునకు పోవును. బీఎల్‌కే ఐడీ అను ఆజ్ఞతో క్రొత్తసంఖ్యను తెలిసికొని, ఎఫ్‌స్టాబులో పాతదానిని కొట్టి ఇది వ్రాయవలెను. అప్పటికిని కొంత ఆలస్యము మిగిలినచో, రెజ్యూమ్ అను మఱియొక చిట్టాలోను పాతసంఖ్య దాగియుండును. దానిని దిద్ది, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ హైఫన్ యూ అనవలెను. పంచుకొనిన స్వాప్ ఉన్నయెడల ఒక నిషేధము: ఏ లినక్సునుగాని హైబర్నేటు చేసి, మఱియొకదానిని లేపరాదు. హైబర్నేటు అనగా జ్ఞాపకమునంతను ఆ కొట్టములో దాచి నిద్రపోవుట. రెండవది వచ్చి ఆ సరకును తొక్కివేయును.

విండోసు 8 మొదలు వచ్చిన వేగముగా లేచు ఏర్పాటును కూడ ఇందుకే మాన్పవలెను. మీట కట్టినను అది పూర్తిగా నిద్రపోదు. తన వాటాను సగము తెఱచియే యుంచును. లినక్సు ఆ వాటాను చదువనిచ్చినను వ్రాయనీయదు. మంచిదే, వ్రాసినచో చెడును.

పట్టిక దాటిన పిమ్మట తెర నల్లబడి యుండిపోవుట పాత చిత్రపుకార్డులకు సహజము. పట్టికలో ఆ పేరుమీద నిలిచి ఈ అను అక్షరము నొక్కి, లినక్సు అని మొదలగు వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్ 10 నొక్కి చూడుడు. తెర వచ్చినచో జబ్బు డిస్కులో లేదని తెలిసినది.

ఇక కడపటిది గడియారము. డెబియనునుండి విండోసుకు వచ్చినపుడెల్ల కాలము సరిగా అయిదున్నర గంటలు వెనుకబడును. బ్యాటరీ మార్చినను పోదు. లినక్సు యంత్రపు గడియారములో సార్వత్రికకాలమును ఉంచి, చూపునపుడు మన కాలమునకు అయిదున్నర గంటలు కలుపుకొనును. విండోసు యంత్రపు గడియారమున నున్నదే స్థానికకాలమనుకొని ఉన్నదున్నట్లు చూపును. రెండును తమతమ లెక్కలో సరియే. మా పాలసంఘమున మాత్రము ఉదయము 7 గంటలకు పోసిన పాలు అర్ధరాత్రి దాటి 1 గంట 30 నిముసములకు పోసినట్లు చీటీలు వచ్చి, రెండుదినములు వాదములు నడచినవి. టైమ్‌డేట్‌సీటీఎల్ అను ఆజ్ఞకు సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని చేర్చి డెబియనులో ఒకసారి, మింటులో ఒకసారి చెప్పగా, లినక్సులు రెండును విండోసు లెక్కకు దిగివచ్చినవి. చీటీలు మఱల 7 గంటలనే చూపుచున్నవి.